ఊఁ కొట్టిన పాపానికి

మా ఇంట్లో నా ఉద్యోగం పేరు ఎవరూ పలకరు. బళ్ళారి బజారులో మూడు తరాలుగా బట్టల వ్యాపారం చేస్తున్న ఇల్లు మాది. "లైంగిక హక్కుల విధానాల మీద అంతర్జాతీయ పరిశోధన" అని ఒకసారి విడమరిచి చెబితే మా అమ్మ వినపడనట్టు వంటింట్లోకి వెళ్లిపోయింది. అంగడికి వచ్చినవాళ్లతో మాత్రం "మా పాప హెల్త్ డిపార్ట్‌మెంటులో ఉండాది" అంటుంది. నేను చేసేదల్లా దుబాసీ పని. విదేశాలవాళ్లు ఇంగ్లీషులో అడుగుతారు, మా వైపు ఆడవాళ్లు తెలుగులోనో కన్నడంలోనో చెబుతారు, మధ్యలో నేను.

ఒక ఏడాది వాళ్లు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ల సంగతి ఎత్తుకున్నారు. ఆడదాన్ని అడిగి చేస్తున్నారా, అడగకుండానే కోస్తున్నారా అన్నది ప్రశ్న. మంచి ప్రశ్నే, కాదనను. యశ్వంతనగర్‌లో గని కూలికి పోయే ఒకామె ఇంటి ముందు కూర్చుని అదే అడిగాను. "నువ్వు ఒప్పుకుంటివామ్మా?"

"యాడ ఒప్పుకుంటినక్కా? కాన్పు నొప్పులతో నేను సస్తాంటే డాక్టరమ్మ కన్నడలో ఏందో చెప్తాండె. నేను ఊఁ కొడ్తాంటి. పెద్దోళ్లు చెప్తాంటే ఊఁ కొట్టకుండా ఎట్లుంటాం?"

మా వైపు ఊఁ అంటే వింటున్నానని. కథ చెప్పేవాళ్లకు కొడతాం, తిట్టేవాళ్లకూ కొడతాం. ఆ డాక్టరమ్మ మైసూరు వైపు మనిషి. ఆమె చెవికి అది "హూఁ", అంటే సరే. అంతే, ఆపరేషన్ అయిపోయింది. "నన్నడక్కుండా ఒప్పుకుంటివి" అని మొగుడు ఈమెను, ఇద్దరు ఆడపిల్లలను వదిలేసి, సిరుగుప్ప రైసుమిల్లులో పనికి కుదిరి అక్కడే ఉండిపోయాడు.

"నేను ఒప్పుకోలేదని మీ బుక్కులో అచ్చేపిచ్చక్కా. కన్నడలో ఏపిచ్చు. మా ఇంటాయప్ప కన్నడ చదువుతాడు. నా మాటంటే నమ్మడు గానీ, అచ్చులో ఉంటే నమ్ముతాడు."

నాతో వచ్చిన విదేశీ ఆవిడకు ఈ మాటలు చెబితే కళ్లు తడిశాయి. తిరుగు దారిలో వగ్గాని బజ్జీ తింటూ కూడా ఆ సంగతే మాట్లాడింది. నేను కూడా, ఊఁ అంటే వినడమే తప్ప ఒప్పుకోవడం కాదని స్పష్టంగా రాసి పంపాను. తీరా ఇంగ్లీషు ముసాయిదా వస్తే, "నోటిమాటగా సమ్మతి తెలిపింది" అని ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఫోన్ చేస్తే, వాళ్ల పట్టికలో అవును, కాదు అని రెండే గళ్లున్నాయట. ఊఁకి గడి లేదు. నోరు తెరిచి వద్దనలేదు కాబట్టి అవునులో వేశారట.

"మరి ఆ డాక్టరమ్మకూ మీకూ తేడా ఏముంది?" అని అడిగేశాను. సవరిస్తామన్నారు. వారం తిరక్కముందే సవరించామని మెయిలు కూడా పెట్టారు. నమ్మాను.

మా వైపు కొండలను నిజంగానే తవ్వేశారు కాబట్టి, కొండను తవ్వి ఎలుకను పట్టడం మాకు కొత్తేమీ కాదు. ఎలుక కూడా తప్పుడు ఎలుక కావడమే కొత్త. బళ్ళారిలో ఒక హోటల్లో పుస్తకావిష్కరణ పెట్టారు. వాళ్లు సవరించింది ఇంగ్లీషు పుస్తకాన్ని మాత్రమే. కన్నడ ప్రతి అప్పటికే ప్రెస్సుకు పోయిందట. ఆ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు.

యశ్వంతనగర్ ఆమె తన మొగుణ్ణి బతిమాలి ఆవిష్కరణకు సిరుగుప్ప నుంచి రప్పించింది. కొత్త చీర కట్టుకుని అతని పక్కన కూర్చుంది. పుస్తకంలో ఆమె పేరు లేదు గానీ, "యశ్వంతనగర్ గని కూలి" అని ఉంది. అతను ఆ పేజీ తీసి, వరుస కింద వేలు పెట్టుకుని నిదానంగా చదివాడు. మౌఖిక ఒప్పిగె. నోటిమాటగా ఒప్పుకుందని. పుస్తకం మూసి ఆమె ఒళ్లో పెట్టాడు.

"చూడు, అచ్చులో గూడా ఉండాది" అని లేచిపోయాడు.

నేను బస్టాండు దాకా వెంటపడ్డాను. "అది తప్పప్పా. ఆయమ్మ ఒప్పుకోలేదు. వాళ్లకు తెలీక ఏసిరి" అని నోరు నొప్పెట్టేలా చెప్పాను. అతను "ఊఁ, ఊఁ" అంటూనే బస్సెక్కాడు.

తప్పొప్పుల పట్టిక వెబ్‌సైటులో పెడతామని విదేశీ ఆవిడ నా చెయ్యి పట్టుకుని చెప్పింది. పెట్టే ఉంటారు. అది చదవడానికి సిరుగుప్ప రైసుమిల్లులో ఎవరు కాచుకుని ఉన్నారో ఆమెకే తెలియాలి. ఆవిడ మంచిదే. ఆ మంచితనం మీదే నాకు ఇప్పటికీ కోపం.

యశ్వంతనగర్ ఆమె నాతో ఇంకా ఫోన్లో మాట్లాడుతుంది. నేను చెబుతూ ఉంటే అవతల చప్పుడుండదు. లైను తెగిందేమోనని మధ్యలో ఆగి, "ఉండావామ్మా?" అంటాను.

"ఉండానక్కా, వింటాండా. చెప్పు" అంటుంది. ఊఁ మాత్రం కొట్టదు.