బాబాయి వాచీకి రిలీవర్

దయ్యాన్ని చూడాలని వచ్చినవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. నేను దయ్యాల్ని నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి, భిలాయి ఖుర్సీపార్‌లో పదహారేళ్ళుగా ఫోన్లు బాగుచేస్తున్న ఆడదాన్ని. "దీదీ, మా ఫోన్‌కి గాలి సోకింది" అని తెచ్చినవాళ్ళకి ఛార్జింగ్ పిన్‌లోంచి దుమ్ము తీసి చేతిలో పెట్టి పంపించాను. ఇప్పుడు నేను రాసింది చదివి మీరు నవ్వుకుంటే నవ్వుకోండి. చూసింది మాత్రం మార్చి చెప్పను.

మా పిన్నిది ఇక్కడే ఇడ్లీ బండి. బాబాయి నూకరాజు స్టీల్ ప్లాంటులో కోక్ ఓవెన్స్‌లో పనిచేసి రిటైరయ్యాడు. పోయిన వానాకాలంలో ఒక తెల్లవారుజామున గుండెపోటుతో పోయాడు. నాలుగు నెలలు తిరక్కుండానే పిన్ని బండి దగ్గర కళ్ళు తిరిగి పడింది. గుండె లయ తప్పుతోందన్నాడు డాక్టరు.

సెక్టర్ ఏడులో ఉండే పిన్ని కొడుకు హడలిపోయి నా షాపుకి వచ్చాడు. "దీదీ, నాన్న స్మార్ట్‌వాచీ అమ్మ ఫోన్‌కి కనెక్ట్ చెయ్. గుండె కొంచెం తేడా కొట్టినా నాకు మెసేజ్ రావాలి. అవకపోతే సోమవారం నుంచి బండి బంద్, బస్."

పిన్ని ఊరుకునే మనిషి కాదు. "నా బండి బందు చెయ్యడానికి ఆడెవడే? చేతులు ముడుచుకుని కూకుంటే ఈ గుండె ఇంకా బేగి ఆగిపోద్ది," అంది. కొత్త వాచీ కొంటామంటే అదీ ఒప్పుకోలేదు. "కడితే ఆయనదే కడతాను. నేకపోతే నేదు."

సరే, ఇది పది నిమిషాల పని. పాత ఫోన్ని వదిలించి కొత్తదాన్ని తగిలిస్తే అయిపోతుంది. శనివారం మధ్యాహ్నం పిన్ని వంటింట్లో పీట వేసుకుని కూర్చున్నాను.

వాచీ తెర మీద 'నూకరాజు ఫోన్: కనెక్టెడ్' అని ఉంది. బాబాయి ఫోన్ బీరువాలో ఉంది. బ్యాటరీ ఉబ్బిపోతే, ఆయన పోయిన నెలకి నా చేత్తో నేనే ఊడదీశాను. బ్యాటరీ లేని ఫోన్ పలక ముక్కతో సమానం. అది దేనికీ కనెక్ట్ అవదు.

మొండి వాచీలు నాకు కొత్త కాదు. ఆపి మళ్ళీ వేశాను. పిన్ని ఫోన్లో బ్లూటూత్ ఆపి మళ్ళీ వేశాను. యాప్ తీసేసి మళ్ళీ ఎక్కించాను. లొకేషన్ పర్మిషన్ ఇచ్చాను, బ్యాటరీ సేవర్ తీసేశాను. చివరికి వాచీ మొత్తం రీసెట్ చేశాను. అప్పుడే డబ్బాలోంచి తీసినట్టు ఏ భాష కావాలని అడిగింది. హమ్మయ్య అనుకుని భాష నొక్కాను. మళ్ళీ అదే వరస. 'నూకరాజు ఫోన్: కనెక్టెడ్.'

నాకు భయం వెయ్యలేదు. ఒళ్ళు మండింది.

బీరువా తీసి పాత ఫోన్ వెనక మూత విప్పి చూశాను. బ్యాటరీ ఉండాల్సిన చోటు ఖాళీ. ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ ఆపేశాను. వాచీని రెండు వీధుల అవతల నా షాపుకి పట్టుకెళ్ళి చూశాను. అక్కడా అదే. పిన్ని ఫోన్లో లోపముందేమోనని నా చేతికున్న చవక వాచీ తగిలిస్తే రెండు నిమిషాల్లో తగులుకుంది. దానికి గుండె చూడటం రాదు గానీ, ఫోన్ మంచిదేనని తేలిపోయింది. ఆదివారం మధ్యాహ్నానికి నేను మళ్ళీ పిన్ని వంటింట్లోనే కూర్చుని ఆ వాచీని నోటికొచ్చినట్టు తిడుతున్నాను. మర్నాడు పిన్ని బండి ఆగిపోతుందని నాకు ఏడుపొస్తోంది కూడా.

నా అవస్థ చూసి పిన్ని పప్పు కడుగుతున్న చేతులు తుడుచుకుని, గూట్లోంచి ఒక పొడుగు నోటుబుక్కు తెచ్చింది.

దాని సంగతి చెప్పాలి. ప్లాంటులో షిఫ్టు అయిపోయినా, తర్వాతి షిఫ్టు మనిషి, అంటే రిలీవర్, వచ్చి లాగ్‌బుక్‌లో సంతకం పెడితే తప్ప మనిషి సీటు వదలకూడదు. బాబాయి రిటైరయ్యాక కూడా ఆ అలవాటు మానలేదు. రోజూ సాయంత్రం వాచీ చూసుకుని తన గుండె లెక్క ఆ బుక్కులో రాసేవాడు. 'ఇచ్చినవారు' అన్నచోట తన సంతకం. 'తీసుకున్నవారు' అన్నచోట పిన్ని సంతకం. "ఇంట్లో కూడా డూటీయేనా" అని విసుక్కుంటూనే పిన్ని పెట్టేది. మేమంతా నవ్వేవాళ్ళం.

పిన్ని చివరి పేజీ తీసి చూపించింది. బాబాయి సంతకం ఉంది. పక్కన ఖాళీ.

"ఆ సాయంత్రం నాను పిండి రుబ్బుతున్నాను. రేపెడతాన్లే అన్నాను," అంది. "తెల్లారేసరికి మనిషి నేకండా పోయాడు. రిలీవరు రాకండా ఆయన ఎన్నడైనా సీటు దిగాడేటే?"

నా పెన్ను లాక్కుని ఖాళీలో సంతకం పెట్టింది. వాచీ వైపు తిరిగి, తిట్టినట్టే అంది. "తీసుకున్నాన్లే. నువ్వింక ఎల్లు."

పీట పక్కన వాచీ ఒక్కసారి వణికింది. చేతిలోకి తీసుకున్నాను. బాబాయి పేరు లేదు. 'ఫోన్ కనెక్ట్ చేయండి' అని ఉంది. పిన్ని ఫోన్‌కి రెండు నిమిషాల్లో తగులుకుంది. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గేముంది.

పాత జ్ఞాపకమేదో వాచీ లోపల ఇరుక్కుని, సరిగ్గా ఆ క్షణానికి దానంతటదే వదిలిందని మీరంటారు. నేనూ అదే అంటున్నాను. కానీ రీసెట్‌లో చెరిగిపోయిన పేరు మళ్ళీ ఎక్కణ్ణుంచి వచ్చింది? నా పనిలోనే ఉన్న ఇద్దర్ని అడిగాను. బోర్డు మార్చమన్నారు. పనిచేస్తున్న వాచీకి బోర్డెందుకు మార్చాలో వాళ్ళకీ తెలియదు. నాకూ తెలియదు.

సోమవారం బండి తెరిచింది. ఇప్పటికీ నడుస్తోంది. సాయంత్రం షాపు మూసి అటు వెళ్తే, పిన్ని తన గుండె లెక్క రాసి, 'ఇచ్చినవారు' దగ్గర సంతకం పెట్టి బుక్కు నా వైపు తోస్తుంది.

"నమ్మవు కదా, మరెందుకే సంతకం ఎడతావు?" అని ఎగతాళి చేస్తుంది.

నమ్మను. ఎవరితోనైనా వాదిస్తాను. కానీ ఎంత పనున్నా, రేపు పెడతాను అని మాత్రం ఒక్కరోజూ అనలేదు.