గంగత్త చెప్పిన ‘పోతాడు’

ఒక చెవిని భుజానికి ఆనించి, ఇంకో చెవిని వేలితో మూసుకుని, మిగిలిన చేత్తో కుళాయి కింద బిందె పట్టడం మీలో ఎవరికైనా వచ్చా... మా చిన్నప్పుడు సిటీ శివారు కె.ఆర్.పురంలో నేను ఆ విద్యలో ఆరితేరాను.

కారణం మా పక్కింటి గంగత్త. ఆమె సిటీలో ఇళ్లలో పనిచేసేది. కొత్త తెలుగు సినిమా ఏదైనా అక్కడ మొదటి వారమే చూసేసేది. అదే బొమ్మ మా పేట చివర టెంటుకు వచ్చేసరికి నెలలు గడిచి, తెర నిండా గీతలు పడేవి. అన్నాళ్లు కథ కడుపులో దాచుకోవడం గంగత్త వల్ల అయ్యే పనా... పొద్దున్నే కుళాయి దగ్గర చేరి, దొంగ ఎవరో, ఎవరికి ఎవరు తమ్ముడో పూసగుచ్చినట్టు చెప్పేది.

ఇంట్లో మా నాయనా నేనూ, అంతే. అమ్మ నాకు గుర్తు కూడా లేదు. నాయన కదిరి వైపు పల్లె నుంచి వచ్చి ఇక్కడ బేల్దారి పని చేసేవాడు. పొద్దున గోడలు కట్టడానికి పోతే చీకటి పడే వేళకు వచ్చేవాడు. బడి నుంచి వచ్చి తాళం నేనే తీసుకుని, లైటు నేనే వేసుకుని, గడప మీద కూర్చునేదాన్ని. పక్కిళ్లలో పిల్లలను వాళ్ల అమ్మలు తిడుతుంటే వినడమే కాలక్షేపం... ఆ తిట్ల మీద కూడా నాకు కుళ్లు పుట్టేది.

వారమంతా ఆదివారం సాయంత్రం ఆట కోసమే గడిచేది. ఆ కాసేపు నాయన నాకే సొంతం.

సినిమా విషయంలో ఆయనకు పట్టింపు ఎక్కువ. తోటి పనివాళ్లు ఎంత పిలిచినా నన్ను వదిలి చూసేవాడు కాదు. టెంటు ముందు పోస్టర్లు కనబడగానే సిమెంటు వాసన కొట్టే తువ్వాలు నా ముఖం మీద కప్పి నడిపించేవాడు.

"కథ తెలిసిపోతే ఇంగేముంటాదప్పా... సుమ్నే, ఊరికే లైటు సూసొచ్చినట్టే" అనేవాడు.

విరామంలో బొరుగుల పొట్లం విప్పి, ఆఖర్న ఏమవుతుందో ఇద్దరం పందెం వేసుకునేవాళ్లం. ఓడినవాళ్లు ఆ పూట గిన్నెలు తోమాలి. నేను గెలిచినా తోమేది ఆయనే, ఓడినా ఆయనే.

ఒకసారి అన్నదమ్ముల సినిమా వస్తోందని తెగ ఎదురుచూస్తున్నాను. బిందె నిండింది కదా అని చెవి మీద వేలు తీశానో లేదో...

"ఆఖర్లో అన్న పోతాడు పాపా. నాకైతే కండ్లల్లో నీళ్లు ఆగలే" అనేసింది గంగత్త.

నా ప్రాణం ఉసూరుమంది. నాయనకు చెప్పుకుని ఏడుద్దామంటే, ఆయనకూ కథ తెలిసిపోతుంది. కనీసం ఆయనైనా సంతోషంగా చూడనీ అని నోరు నొక్కుకున్నాను.

ఆ ఆదివారం తెర మీద అన్న నవ్వినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది. విరామంలో నాయన "అన్నకు పెండ్లైతాది సూడు, పందెం" అన్నాడు. నేను బొరుగుల పొట్లం ఆయన వైపే జరిపేశాను. ఒకే చాప మీద కూర్చుని మేమిద్దరం వేర్వేరు సినిమాలు చూస్తున్నాం... అంత ఒంటరితనం గడప మీద కూర్చున్న సాయంత్రాల్లో కూడా నాకు తెలియదు.

చివరికి అన్న సంచీ తగిలించుకున్నాడు. తమ్ముడికి ఇల్లు అప్పజెప్పి బస్సెక్కాడు. కిటికీలోంచి చెయ్యి ఊపాడు. బస్సు పోయింది. శుభం పడింది.

నేను కళ్లు తుడుచుకుని చూస్తూ ఉండిపోయాను. పోవడమంటే... ఇదా!

మా సీమ మాటలో ఊరికి వెళ్లినా పోవడమే, ప్రాణం పోయినా పోవడమే. ఆమె ఒకటి చెబితే నేనొకటి అనుకున్నాను. దారిలో సంగతంతా చెప్పేసరికి నాయన రోడ్డు పక్కన చతికిలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. నేను ఏ సినిమాకూ అంత ఆశ్చర్యపోలేదు, అంత ఆనందపడలేదు.

ఆ తర్వాత రోజూ పొద్దున ఆయన తాపీ సంచీ అందుకుని "పోయొస్తానప్పా" అంటే, నేను "బస్సులోనే కదా" అనేదాన్ని. "బస్సులోనేలే" అనేవాడు. నేను పెద్దయి, చదువై, బ్రూక్‌ఫీల్డ్‌లో ఉద్యోగంలో చేరాక కూడా ఆ మాట మా ఇంట్లో నిలిచిపోయింది.

ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా గంగత్త ఫోన్ చేసింది.

"పాపా... మీ నాయన పోయినాడు."

"యాడికి పోయినాడత్తా?" అన్నాను, నవ్వుతూనే.

అవతల గంగత్త ఏడుపు వినబడింది... ఈ పోవడం బస్సులోది కాదు.

ఆయనకు చాలా రోజులుగా గుండెలో నొప్పి ఉందట. గంగత్తే ఆసుపత్రికి తోడు వెళ్లేదట. పాపకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడట. ఏ కథా కడుపులో దాచుకోలేని మనిషి, ఆ ఒక్కటి మాత్రం దాచింది. చెప్పి ఉంటే నేను చెవులు మూసుకునేదాన్నే కాదు.

ఇప్పుడు టెంటు లేదు, అక్కడ అపార్టుమెంట్లు లేచాయి. మొదటి ఆట అయ్యీ అవకముందే ఆఖరి సీను ఫోన్లో చేతికొచ్చేస్తోంది. ఎదురుచూసే ఓపికా లేదు, దాచిపెట్టే మనిషీ లేడు. నేను మాత్రం ఫోను కట్టేసి సినిమాకు ఒక్కదాన్నే వెళతాను. విరామంలో పక్క సీటు వైపు తిరుగుతాను... పందెం కాయడానికి ఎవరూ ఉండరు.

మీ చిన్నప్పుడు మీ పక్కన కూర్చుని సినిమా చూసిన మనిషి ఎవరు? సినిమా కథ వద్దు... ఆ మనిషి కథ చెప్పండి. ఆఖరిదాకా చెప్పండి.

ఈసారి చెవులు మూసుకోను.