ఈస్ట్ అత్తగారు

ప్రయోగశాలలో ఎవరు తప్పు చేసినా ఆ ప్రొఫెసరమ్మ ఫ్లాస్కుల్లో పెరిగే ఈస్ట్ అనే సూక్ష్మజీవులనే తిట్టేవారు. అందుకే అందరూ ఆవిడను చాటుగా అత్తగారనేవారు. ఎవరో ఇన్‌క్యుబేటర్ తలుపు వేయడం మరిచిపోతే, ఆవిడ నడుముమీద చెయ్యి వేసుకుని ఫ్లాస్క్ ముందు నిలబడేవారు.

"ఏమ్మా కోడళ్ళూ, పుట్టింట్లో తలుపు వేయడం కూడా నేర్పలేదా?"

ఆవిడ నవ్వేవారు కాదు. కోడళ్ళు బదులు చెప్పేవారు కాదు.

కొత్తగా చేరిన సహాయకుడికి ఇది చూస్తే ఒళ్ళు మండేది. అతనిది తాత్కాలిక ఉద్యోగం. పొడిగించడం డైరెక్టర్ చేతిలో ఉంది. పోయి పోయి ఈ మతిలేని మనిషి పాలబడ్డానే అని కుమిలిపోయేవాడు.

అతని పనల్లా గ్లూకోజ్‌లో పెరిగిన ఈస్ట్‌ను గెలాక్టోజ్ అనే మరో చక్కెరలోకి మార్చడం. గ్లూకోజ్ దొరికినంతసేపు ఈస్ట్ ఆ రెండో చక్కెర వంక చూడదు, దాన్ని అరిగించే ఎంజైములు తయారు చేయదు.

"మిఠాయి ముందుండగా ఎండు రొట్టె ఎవతి ముడుతుందయ్యా?" అనేవారు అత్తగారు.

డైరెక్టర్ చూడవచ్చిన రోజున ఆ ఎంజైముల జాడే లేదు.

"ఇంత సులువైన పనా చెడింది! చేసిందెవరు?"

సహాయకుడు ఒక అడుగు వెనక్కి వేశాడు. అత్తగారు ఫ్లాస్క్‌లో పరీక్ష కాగితం ముంచారు. గ్లూకోజ్ ఇంకా ఉన్నట్టు రంగు మారింది. చటుక్కున దాన్ని కోటు జేబులో కుక్కి, ఫ్లాస్క్ మీద విరుచుకుపడ్డారు.

"పరువు తీశారు కదే! పెద్దమనిషి వచ్చిన రోజే అలగాలా?"

"మేడమ్, నేనడిగింది మనుషుల సంగతి."

"మనుషులదేముందండీ! వీళ్ళ మొండితనం మీకు తెలీదు. రేపు రండి, దారికి తెస్తాను."

"రేపూ ఇంతే అయితే ఆ అబ్బాయిని పంపించేస్తాను," అని డైరెక్టర్ తల పట్టుకుని వెళ్ళిపోయారు.

అప్పుడు ఆవిడ జేబులోని కాగితం తీసి అతని ముందు పెట్టారు. అతనికి అర్థమైంది. తొందరలో ఈస్ట్‌ను కడగకుండా, గ్లూకోజ్ ఉన్న పాత ద్రవంతో సహా కొత్త ఫ్లాస్క్‌లో ఒంపేశాడు.

"తప్పు నాదని తెలిసి కూడా వాటినెందుకు తిట్టారు మేడమ్?"

"వాళ్ళకి ఉద్యోగం పోదుగా నాయనా."

మర్నాటికి ఎంజైములు చూపించి తన కొలువు నిలబెట్టబోయే ఈస్ట్‌ను అతను తలవంచుకుని కడగసాగాడు.

"మెల్లిగా," అన్నారు అత్తగారు. "పొద్దుట్నించీ మాటలు పడి ఉన్నారు, పాపం."