వీర్రాజు గారి రాళ్ళకి గులాబి రంగు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది సంగతి. రాజమండ్రి దానవాయిపేటలో నేను అక్వేరియం షాపు పెట్టి అప్పటికి పదకొండేళ్ళయింది. మా దగ్గరికి వచ్చేవాళ్ళు మామూలుగా ఒక గోల్డ్‌ఫిష్‌తో మొదలుపెట్టి, అది చచ్చిపోయాక ఇంకో గోల్డ్‌ఫిష్‌తో కొనసాగుతారు. రీఫ్ ట్యాంకు, అంటే ఉప్పునీటిలో పగడాలు పెంచే గాజుతొట్టి, పెట్టించుకున్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాళ్ళలో వీర్రాజు గారిని మర్చిపోవడం నా వల్ల కాదు.

వీర్రాజు గారు భీమవరం దగ్గర ముప్ఫై ఏళ్ళు రొయ్యల చెరువులు చేసి, వాటిని కౌలుకిచ్చేసి, రాజమండ్రిలో ఇల్లు కట్టుకున్నారు. చెరువులు వదిలారు గాని చెరువు బుద్ధి వదల్లేదు. ట్యాంకు బిగించిన రోజునే అందులో వేలు ముంచి, నాలిక మీద పెట్టుకుని, "ఉప్పు ముప్పై దాటింది" అన్నారు. నా మీటరు లీటరుకి ముప్పై మూడు గ్రాములు చూపించింది. అప్పటి నుంచి ఆయనంటే నాకు కొంచెం గౌరవం, చాలా భయం.

ఆ ట్యాంకులోని నారింజ రంగు మీద తెల్ల పట్టీలుండే రెండు క్లౌన్ చేపలూ ఆయన భార్య సత్యవతి గారి ప్రాణం. పెద్దదాన్ని 'ఆయన' అని, చిన్నదాన్ని 'ఆవిడ' అని పిలిచేవారు. ఈ జాతిలో పెద్దదే ఆడదండీ అని నేను చెబితే, "అదా సంగతి! అందుకే అది చెప్పినట్టల్లా ఇది వింటోంది" అని ఎంతో సంతోషించారు.

వైజాగ్‌లో వీర్రాజు గారి వియ్యంకుడికి కూడా రీఫ్ ట్యాంకు లేకపోతే కథ ఇక్కడితో అయిపోయేది. ఆ వియ్యంకుడి రాళ్ళు గులాబి రంగులో మెరుస్తుంటాయి. ఆ రంగు కోరలైన్ ఆల్గేది. నాచే గాని, మెత్తగా ఉండదు. నీటిలోని కాల్షియం తీసుకుని రాతికి పెచ్చులా గట్టిగా పడుతుంది. వీర్రాజు గారి రాళ్ళేమో కొత్తవి, తెల్లగా వెలవెలబోతున్నాయి. మనవడి మొదటి పుట్టినరోజుకి ఆ వియ్యంకుడు వస్తున్నాడు. రెండు నెలలే గడువు. వీర్రాజు గారు షాపుకి వచ్చి అలమరలోని సీసా వైపు వేలు చూపించారు.

"మొన్న వీడియో కాల్లో ఏమన్నాడో తెల్సా అమ్మాయ్? 'బావగారూ, ఇంకా పుట్టీ దగ్గరే ఉన్నారా? పెయింటు ఎప్పుడు?' అన్నాడు. ముప్ఫై ఏళ్ళు నీళ్ళతో బతికినోణ్ణి, నాకు ఈ మాటేంటి? ఆ కాల్షియం సీసా ఇలా ఇచ్చెయ్."

నేను చెప్పాల్సింది చాలా ఉంది. ముందు టెస్ట్ కిట్‌తో నీళ్ళు చూడాలి. మనం కలిపే సముద్రపు ఉప్పులోనే కాల్షియం ఉంటుంది. ఇంత చిన్న ట్యాంకులో వారం వారం కొన్ని నీళ్ళు మారిస్తే అదే సరిపోతుంది. ఆ రాళ్ళకి కావలసింది ఓపిక. ఇదంతా మొదలుపెట్టాను గాని, ఆ రోజు ఆదివారం, షాపు నిండా జనం. పైగా నీళ్ళ గురించి ఆయనకి చెప్పడమంటే తాతకి దగ్గులు నేర్పడమే. చెప్పడం కంటే అమ్మడం తేలిక, అమ్మేశాను.

"రోజుకి ఒక్క మూత అండి, అంతకి మించొద్దు" అన్నాను.

"ఆయ్, అలాగేనమ్మా" అన్నారు. మా గోదావరి జిల్లాల్లో ఆ మాట అన్నారంటే మనం చెప్పింది విన్నారని నమ్మవచ్చు. చేస్తారని మాత్రం నమ్మకూడదు.

పదిరోజుల తర్వాత పొద్దున్నే ఫోను. "అమ్మాయ్, ట్యాంకు గేదె పాలలా ఉంది. చేపలు కనబడట్లేదు. మీ పిన్నిగారు నాతో మాట్లాడట్లేదు."

కలిపి ఉంచిన ఉప్పునీళ్ళ డ్రమ్ములు ఆటోలో వేసుకుని పరుగెత్తాను. నిజంగానే పాలు.

"ఏం వేశారండీ?"

"సగం సీసా పోశాను. మరి కాల్షియం వేస్తే ఆల్కలినిటీ కూడా నిలబెట్టాలి కదా. చెరువుకైతే సోడా చల్లుతాం. వంటింట్లో సోడా ఉంది."

"సోడా ఎంత వేశారు?"

"ఎకరానికి వేసే లెక్క కట్టాను. మరీ చిటికెడు వచ్చింది. అంత కొంచెం వేస్తే ఏం బాగుంటుందని దోసెడు వేశాను."

ఆల్కలినిటీ అంటే నీటికున్న సోడా గుణం. అదీ కాల్షియమూ ఒక్కసారిగా ఎక్కువైతే రెండూ కలిసి సుద్దపొడిలా విరిగిపోతాయి. ఎకరాల చెరువైతే మనిషి తప్పుని కొంత ఓర్చుకుంటుంది, గాజుతొట్టికి అంత ఓపిక లేదు. చేతులు పెట్టి వెతికి చేపలని బకెట్టులోకి తీశాను. పెద్దది ఈదుతోంది. చిన్నది పక్కకి ఒరిగి ఉండుండి నోరు తెరుస్తోంది. సత్యవతి గారు బకెట్టు పక్కన నేల మీదే కూర్చుండిపోయారు.

కాల్షియం కిట్‌లో నీళ్ళు ముందు గులాబీగా ఉంటాయి, చుక్కలు వేస్తూ పోతే నీలంగా మారతాయి. ఎన్ని చుక్కలు పడితే అంత కాల్షియం. వేస్తున్నాను, వేస్తున్నాను, నీలం కాదు. వీర్రాజు గారు నా భుజం మీదుగా చూసి, "పోనీ ఇవైనా గులాబీగా ఉన్నాయి" అన్నారు. సత్యవతి గారు చూసిన చూపుకి మేమిద్దరం తలలు దించుకున్నాం. సీసా ఇచ్చింది నేనే కదా!

సగం నీళ్ళు తీసి కొత్తవి పోశాం. మధ్యాహ్నం మళ్ళీ సగం మార్చాం. ఆ ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. మూడింటికి వీర్రాజు గారు నెమ్మదిగా, "అమ్మాయ్, రాళ్ళ సంగతి వదిలెయ్. మా వియ్యంకుడు ఏమైనా అనుకోనీ. ఆ చిన్నది బతికితే చాలు" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. సాయంత్రానికి చిన్నది నిటారుగా నిలబడి పెద్దదాని వెనకాల చేరింది.

ఆ తర్వాత సీసా లేదు, సోడా లేదు. వారానికోసారి నీళ్ళు మార్చడం, అంతే. ఇంకొకరి ట్యాంకు నుంచి గులాబి పెచ్చు పట్టిన చిన్న రాతిముక్క తెచ్చి విత్తనంగా వేశాను. పుట్టినరోజు వారంలోకి వచ్చేసరికి ముందు అద్దం మీద ఆవగింజంత గులాబి చుక్క తేలింది. వీర్రాజు గారు పాలవాడికి కూడా దాన్ని టార్చి వేసి చూపించారు, రాళ్ళ మాట ఎత్తితే కోపమని సత్యవతి గారికి తప్ప.

పుట్టినరోజున నన్నూ పిలిచారు. వియ్యంకుడు చెప్పులు విడిచీ విడవకముందే చెయ్యి పట్టుకుని ట్యాంకు దగ్గరికి తీసుకెళ్ళి, "ఇటు చూడండి బావగారూ" అని టార్చి వేశారు. చుక్క లేదు. ఎడమవైపు వెతికారు, కుడివైపు వెతికారు.

సత్యవతి గారు వంటింట్లోంచి, "అక్కడేదో మరకుంటే పొద్దున్నే బ్లేడుతో గీకేశానండి. చుట్టాలొస్తున్నారు కదా!" అన్నారు.

వీర్రాజు గారు నోరు తెరిచారు. తిరిగి ట్యాంకు కేసి చూశారు. శుభ్రమైన అద్దం వెనక చేపలు రెండూ మేత కోసం వచ్చి నిలబడ్డాయి. "మీ చెల్లెమ్మగారికి మరకలంటే గిట్టవు బావగారూ" అని టార్చి ఆర్పేశారు. వియ్యంకుడు ఎంతగా నవ్వాడంటే కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది.

కోరలైన్‌ని గీకితే రాలిన పొడి నీళ్ళలో తిరిగి మరోచోట అతుక్కుంటుందని మా వృత్తిలో అందరూ అంటారు. మూడు నెలలకి వీర్రాజు గారి పంపు మీద, అద్దాల మీద, చివరికి రాళ్ళ మీద కూడా గులాబి పెచ్చులు పట్టాయి. అది నా పనితనమంటే వీర్రాజు గారు నమ్మేవారే గాని, సత్యవతి గారు ఒప్పుకోరు, అదంతా తన బ్లేడు చలవేనంటారు.

కాల్షియం సీసాలు ఇప్పటికీ అమ్ముతాను. పగడాలు బాగా పెరిగి నిజంగా కాల్షియం లాగేసే ట్యాంకులకి అది కావాలి. కాని ఎవరడిగినా ముందు ఒక గ్లాసు ట్యాంకు నీళ్ళు తెమ్మంటాను. తేనని అలిగి వెళ్ళిపోయేవాళ్ళున్నారు. ఏమీ తెలియనివాళ్ళకి చెప్పడం తేలిక, బాగా తెలిసినవాళ్ళకి చెప్పడమే కష్టం. ఆ ఆదివారం నేను ఆ కష్టం తప్పించుకుంటే, ఒక చేప బకెట్టులో ఒరిగి ఆ కష్టమంతా పడింది.