జ్ఞానులు వచ్చింది ఇంట్లోకి

తన వాక్యాన్ని మన చేతికి అందేంత దగ్గరలో ఉంచిన దేవునికి స్తోత్రం. ఈ చిన్న ప్రయాణం ఆయన కృపవల్లే క్షేమంగా సాగింది.

2003 డిసెంబరులో ఒక శనివారం, పొద్దున్నే సుచిత్రలో మేడ్చల్ బస్సెక్కాను. శామీర్‌పేట చెరువు దగ్గరి ఒక చిన్న సంఘం క్రిస్మస్ వాక్యం చెప్పమని పిలిచింది. క్రీస్తు జననం గురించి లేఖనంలో ఉన్నదేమిటి, తర్వాత మనం కలుపుకున్నదేమిటి అన్నది చాలాకాలంగా నన్ను వదలని ప్రశ్న. దారంతా మత్తయి, లూకా సువార్తలను మార్చి మార్చి చదివాను. పక్క సీట్లో కూరగాయల గంపతో కూర్చున్న అవ్వ కాసేపు చూసి, "పరీక్షలున్నయా బిడ్డా?" అని అడిగింది. ఉన్నాయనే చెప్పాను.

మేడ్చల్‌లో ఇడ్లీ తిని, షేర్ ఆటోలో పదకొండింటికి చేరాను.

మందిరం ముందు గడ్డితో పశువుల పాక కట్టారు. సాయంత్రం కాగితపు నక్షత్రం పట్టుకుని వీధులు తిరిగాక, బాలయేసును చూడ్డానికి తూర్పునుంచి వచ్చిన జ్ఞానుల వేషాలు కట్టినవాళ్లు ఆ పాకలోకి వచ్చి సాంబ్రాణిలాంటి కానుకలు పెట్టడం అక్కడి ఆనవాయితీ. మధ్యాహ్నం కూడికలో నేను, యేసు పుట్టిన రాత్రి ఆయన్ని పడుకోబెట్టిన పశువుల తొట్టి దగ్గరికి వచ్చింది గొర్రెల కాపరులేనని లూకా, జ్ఞానులు తర్వాత ఇంట్లోకి వచ్చారని మత్తయి రాశారని చెప్పాను. వాళ్లు ముగ్గురనీ, రాజులనీ కూడా రాయలేదన్నాను.

వెనక నుంచి యాదయ్య లేచాడు. చెరువులో చేపలు పట్టి బతికే మనిషి. ఆ ఏడే బాప్తిస్మం తీసుకున్నాడు.

"గట్లయితే గీసారి జ్ఞానులు మా ఇంటికి రావాలె. మీ సంఘపోళ్లు నీ గడప తొక్కరు రా అని మా అన్న రోజూ అంటుండు."

సంఘపెద్ద దానియేలు, "నీ ఇంట్ల వలల వాసనకు మా సాంబ్రాణి సాలదు యాదయ్యా," అన్నాడు.

అందరూ నవ్వారు. యాదయ్య నవ్వలేదు, కూర్చోనూ లేదు. కట్టిన పాక ఏం కావాలని దానియేలు నన్నడిగాడు. మత్తయి తెరిచి ఆయన చేతికే ఇచ్చాను. మెల్లగా చదివాడు. ఇల్లు అన్న మాట దగ్గర ఆగి, మళ్లీ మొదటినుంచి చదివాడు.

"కాపర్లను పాకల ఉంచుదాం. జ్ఞానులు సెరువు దిక్కు పోతరు."

చీకటి పడేవేళకు నక్షత్రం యాదయ్య ఇంటి ముందు ఆగింది. పక్కింటి అరుగు మీద ఆయన అన్న చేతులు కట్టుకుని చూస్తున్నాడు. లోపల ఒకటే గది, గోడకు వేలాడే వలలు, చాప మీద యాదయ్య భార్య నర్సమ్మ, ఆమె ఒళ్లో పసిబిడ్డ. ముందు నడుస్తున్న జ్ఞాని దానియేలే. ద్వారబంధం పొట్టిది, ఆయన అట్ట కిరీటం తగిలి ఆగిపోయాడు. కాస్త ఆలోచించి, దాన్ని తీసి అరుగు మీది మనిషికి అందించాడు.

"పట్టుకో తమ్మీ. గిది గూడ గ్రంథంల లేదంట."

వంగి లోపలికి వెళ్లాడు.

ఏడున్నరకు తిరుగు ఆటో దొరికింది. నర్సమ్మ కట్టిచ్చిన చేపల పులుసు డబ్బా ఒళ్లో వెచ్చగా ఉంది. జ్ఞానులు ఎందరో, ఎంత దూరం నడిచారో నాకింకా తెలియదు. వాళ్లు చేరిన ఇంటి ద్వారం ఎంత ఎత్తుండేదో అని మాత్రం మేడ్చల్ దాకా ఆలోచిస్తూనే ఉన్నాను.

చదువుతున్నవారు ఒక్క నిమిషం ఇక్కడ ఆగి, ఆ ఇంటి కోసం, కిరీటం పట్టుకుని ఇంకా బయటే నిలబడిన ఆ అన్న కోసం నాతో కలిసి ప్రార్థించండి.