పదకొండు డిగ్రీల దగ్గర చిన్న గీత

నవ్వాలనుకునేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే లేచి వెళ్లిపోతాను. నా బిడ్డ మీద ఒట్టు... ఇది జరిగింది. నాకే జరిగింది. ఆ రాత్రి నేను తాగలేదు. జ్వరం లేదు. కునుకు కూడా తీయలేదు. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. సిగ్గేసి చెప్పలేదు.

కాజీపల్లిలో ఒక మందుల కంపెనీ. అందులో నాది ఎక్స్‌రే గది. మందు పొడిని నూరి, పలక మీద అద్ది, దాని మీదికి ఎక్స్‌రే పంపుతాం. గ్రాఫు వస్తుంది. ఏ డిగ్రీ దగ్గర గీత లేచిందో చూసి ఆ స్ఫటికం ఏ రకమో చెప్తాం. పూర్వం ఆ గ్రాఫు కాగితం చుట్ట మీద వచ్చేది, స్కేలు పెట్టి కొలిచేవాళ్లు. తర్వాత కంప్యూటరు వచ్చింది. పాత సైంటిస్టులు పన్నెండు మందికి దాన్ని నేర్పే పని నాకు అప్పజెప్పారు. నాకప్పుడు ఇరవై ఏడేళ్లు. కాళ్లు నేల మీద లేవు నాకు!

చివర్లో ఎవరికి వచ్చిందో, ఎవరికి రాలేదో నేను రాసివ్వాలి. రానివాళ్లను గోదాముకు పంపేస్తానని మేనేజరు ముందే చెప్పాడు.

అందరిలో పెద్దాయన దేవదానం సార్. సంగారెడ్డి నుంచి కంపెనీ బస్సులో వచ్చేవాడు. రిటైర్మెంటుకు ఇంకో రెండేళ్లు ఉంది. మౌసు పట్టుకుంటే చెయ్యి వణికేది. అదే పెన్సిలు పట్టుకుంటే... గీత గీసే ముందు దాంతో బల్ల మీద రెండుసార్లు కొట్టేవాడు. టక్, టక్. ఆ తర్వాత సర్రుమని గీత. వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు.

ఏ మీట తర్వాత ఏ మీట నొక్కాలో నేనే ఒక కాగితం రాసి అందరికీ పంచాను. స్మూతింగ్ అని ఒకటుంటుంది. గ్రాఫులో సన్నటి వణుకుల్ని, అంటే నాయిస్‌ను, కంప్యూటరే చదును చేస్తుంది. అక్కడ అయిదు వేయాలి. ఎక్కువైతే అసలైన చిన్న గీతలు కూడా చెరిగిపోతాయి. నేను ఇరవై అయిదు వేశాను. గ్రాఫు అందంగా వస్తుందని! అందరూ ఇరవై అయిదే కొట్టారు. అందరివీ నున్నగా వచ్చాయి.

దేవదానం సార్ ఒక్కడే లేచాడు. వాళ్లు ఇదివరకే కొలిచిన పాత నమూనాతోనే నేను నేర్పుతున్నాను. దాని పాత కాగితం చుట్ట ఆయన చేతిలో ఉంది.

"బిడ్డా, పదకొండు డిగ్రీల కాడ చిన్న గీత ఉండాలె. ఏడికి వోయింది?"

"అది ఉత్త నాయిస్ సార్."

"నాయిస్ గాదు బిడ్డా. ఇంకో రకం స్ఫటికం కలిసింది అండ్ల. జెర మళ్ల సూడు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ముందు కండ్లద్దాలు మార్చుండ్రి సార్. కంప్యూటర్‌కు మీకంటే మంచిగ కనవడ్తది," అన్నాను.

గదంతా నవ్వింది. ఆయన కాగితాన్ని మెల్లగా చుట్టుకుని సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోయాడు. ఎక్కడం నేను నా కళ్లతో చూశాను.

పేర్లు మర్నాడు పొద్దున ఇవ్వాలి. ఆయన పేరు ఎదుట 'రాదు' అని రాయబోయి... చెయ్యి ఆగింది. ఆ గీత నిజంగా ఉంటే? అదే నమూనాను మళ్లీ ఎక్కించి, తెల్లారేదాకా నడిచే నిదానపు స్కాను పెట్టాను. అప్పటికి రాత్రి ఎనిమిదిన్నర. గదిలో నేనొక్కణ్నే. లోపల గడియ పెట్టుకున్నాను.

మిషను గుయ్యిమంటోంది. కిటికీ సందుల్లోంచి బొల్లారం వైపు ఫ్యాక్టరీల ఘాటు వాసన. తెర మీద చుక్క పక్కన చుక్క పడుతోంది. తొమ్మిది డిగ్రీలు... పది... పదిన్నర...

టక్.

నీళ్ల పైపేమో అనుకున్నాను.

టక్.

నా వెనకే. బల్ల మీద. ఆ తర్వాత... సర్రుమని... కాగితం మీద పెన్సిలు లాగిన చప్పుడు. నిదానంగా. ఈ చివర నుంచి ఆ చివరదాకా. ఆగింది.

మెడ తిప్పలేకపోయాను. వెన్ను మీద చెమట జారడం తెలుస్తోంది. కళ్లు తెరకే అతుక్కుపోయాయి. అక్కడ... పదకొండు దగ్గర... చుక్కలు పైకి లేస్తున్నాయి. ఒకటి. ఇంకొకటి. ఇంకా పైకి. చిన్న గీతే. నా మెడ మీద ఎవరో వెచ్చగా ఊపిరి వదిలారు.

తలుపు దబదబా మోగింది. ప్రాణం పోయిందనుకోండి! తీస్తే వాచ్‌మన్ మల్లేశ్. చేతుల్లో రెండు గ్లాసుల చాయ్.

"రెండెందుకు మల్లేశ్?"

"ఒకటి మీకు, ఒకటి పెద్ద సార్‌కు."

"ఏ పెద్ద సార్?"

"ఏంది సార్, మజాకా? గిప్పుడే కిటికీల కెల్లి సూసిన గదా. దేవదానం సార్ మీ ఎనకనే నిలవడి ఉన్నడు."

అంటూనే లోపలికి తొంగి చూశాడు. ఎవరూ లేరు. మల్లేశ్ మొహం పాలిపోయింది. గ్లాసులు గడప మీదే పెట్టేసి, "నేను గేటు కాడుంట సార్," అని వెనక్కి చూడకుండా నడిచాడు.

బల్ల మీద పగలు తీసిన నున్నటి గ్రాఫు పడి ఉంది. పదకొండు డిగ్రీల దగ్గర నిటారుగా పెన్సిలు గీత. పగలే ఆయన గీసి ఉండొచ్చు. ఉండొచ్చు కదా? నేనే చూసుకోలేదేమో. మరి ఆ చప్పుడు? మల్లేశ్ చూసిందెవర్ని? కిటికీ అద్దంలో నా నీడనా? ఇప్పటికీ తెలియదు. ఒట్టు... తెలియదు.

ఆయన చెప్పింది నిజమని మాత్రం తెలిసింది.

పొద్దున మేనేజరు ముందు నిలబడ్డాను. గీత ఉందని చెప్తే, నా కాగితం తప్పని చెప్పాలి. పన్నెండు మందికీ తప్పు నేర్పానని ఒప్పుకోవాలి. దేవదానం సార్ పేరు ఎదుట 'రాదు' అని రాసి ఇచ్చేశాను. రాత్రి స్కాను ఫైలు చెరిపేశాను. నా చేత్తోనే. ఛీ... నా బతుకు!

నాలుగు రోజులకు ఆయన తన సామాన్ల కోసం వచ్చాడు. నా మీద కోపం కూడా లేదు ఆ మనిషికి. టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుంటూ అన్నాడు.

"బిడ్డా, ఆ దినం రాత్రి నాకు నిద్రల గీ గది కనవడ్డది. నువ్వు గీడ కూసోని గ్రాఫు సూస్తున్నవ్. నేను నీ ఎనకనే ఉన్న. గీత లేస్తుంటే మంచిగ కనవడ్డది నాకు... నీకు కనవడ్డదా?"

నేను తలెత్తలేదు.

"లేద్సార్," అన్నాను.

"గట్లనా... ఐతే నేనే తప్పు వడ్డ బిడ్డా," అని ఆయన సంచి తీసుకుని గోదాము వైపు నడిచాడు.