మర్డీనా బీరువా అద్దం

కెనడా తూర్పు తీరాన కేప్ బ్రెటన్ దీవిలో కొత్త ముఖం కనబడితే ఎవరైనా మొదట అడిగేది "మీ నాన్నెవరు?" అనే. మర్డీనా మకాస్కిల్ అక్కడితో ఊరుకోదు. ఆ నాన్నకు నాన్న, ఆయనకు నాన్న, అలా ఏడు తరాలూ తనే అప్పజెప్పేస్తుంది. చేపల ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్లు ముళ్లు తీసిన ఆ చేతులే ఇప్పుడు ఊరి చరిత్ర సంఘం కాగితాలు సర్దుతున్నాయి. జీతం లేదు, టీ కూడా ఇంటినుంచే తెచ్చుకోవాలి. అయినా ఆవిడ దర్జా చూడాలి!

సమాధిరాళ్లు చదవడంలో ఆవిడకు సాటి లేదు. ఉప్పుగాలికి అరిగిన రాయి మీద వెలుగు పక్కనుంచి పడితే తప్ప అక్షరం తేలదు. అందుకని బీరువా తలుపు అద్దం ఊడదీసి మోసుకెళ్తుంది. మొగుడు బతికున్నన్నాళ్లూ గడ్డం గీసుకోవడానికి అద్దం లేదని లబోదిబోమనేవాడు పాపం.

ఒక సెప్టెంబరులో రోరీ మక్‌ఫీ వచ్చాడు. ఎనభై ఒక్కేళ్ల మనిషి. పురిట్లో తల్లి పోతే జలసంధి అవతల మేనత్త పెంచింది. అతను పుట్టిన ఆ వసంతంలోనే తండ్రి పడవతో సహా మునిగిపోయాడు. తల్లిని ఎక్కడ పూడ్చారో చెప్పేవాళ్లే లేకపోయారు.

"కాళ్లు ఆడుతుండగానే ఒక్కసారి ఆవిడ దగ్గర నిలబడాలమ్మా," అన్నాడు. "నన్ను కని చచ్చిపోయింది. క్షమించమని అడగాలి."

"పుట్టడం కూడా నేరమేనటయ్యా! చాల్లే, పద," అని కసిరి మర్డీనా అద్దం చంకన పెట్టుకుంది.

పాత శ్మశానంలో ఆవిడ చదవని రాళ్లు నాలుగే మిగిలాయి. మూడోదాని ముందు అద్దం వంచగానే, ఉత్త బండ మీద అక్షరాలు ఒక్కొక్కటే లేచాయి. 'మొరాగ్, డూగల్ మక్‌ఫీ భార్య. మార్చి 1943.' ఎన్ని వందల రాళ్లు చదివినా ఆ క్షణంలో ఆవిడ ఒళ్లు ఝల్లుమంటూనే ఉంటుంది. కింద ఇంకో వరుస తేలింది. పైకి చదువుతున్నదల్లా ఆగి, ఆవిడ అద్దం ఇంకాస్త వంచి చూసింది.

"ఆపేశావేం? నాకు కళ్లు ఆనడం లేదు, చదువు."

"'ఆమె చేతుల్లో నిద్రిస్తున్న పసివాడు రోరీ.'"

రోరీ రాయి పక్కన మోకరిల్లాడు. రాతిలో తన పేరును వేలితో తడిమి చూసుకున్నాడు.

మర్డీనాకు మెల్లగా అర్థమైంది. ఆ మార్చిలో మంచుగడ్డలు కొట్టుకొచ్చి జలసంధి మూసుకుపోయిందని సంఘం పాత డైరీల్లో చదివింది. కొన ఊపిరితో ఉన్న బిడ్డను ఆఖరి పడవలో అత్త తీసుకుపోయి ఉంటుంది. బతికాడన్న కబురు ఇవతలకు చేరలేదు. బిడ్డ కూడా పోయాడనుకుని ఆ తండ్రి ఇద్దరి పేర్లూ చెక్కించాడు. మంచు విడగానే చేపల వేటకు వెళ్లి తనూ పోయాడు. దేవుడా, ఎనభై ఒక్కేళ్లు ఈ రాయి ఇలాగే ఉంది!

"సంఘం పుస్తకంలో నీ పేరు పక్కన 'పొరపాటు' అని రాయనా రోరీ?" అని అడిగింది.

"వద్దు, వద్దు." ముసలాయన కళ్లు తుడుచుకోలేదు. "క్షమించమని అడగడానికొచ్చాను. ఇన్నేళ్లూ నన్ను ఒళ్లోంచి దించనే లేదు, పిచ్చితల్లి."

మర్డీనా అద్దం గడ్డిలో పడుకోబెట్టి, రాయి మీద ఉన్నది ఉన్నట్టే రాసుకుంది.